నాడి అందని మనిషి: గుండె పంపు స్పీడు ఎవరు పెట్టాలి?

ఎపిసోడ్ మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని చేయండి. ఒక చేతి మణికట్టు మీద, బొటనవేలి వైపు, రెండో చేతి వేళ్ళు రెండు ఆనించండి. గట్టిగా నొక్కకండి. టక్ టక్ అని తెలుస్తోందా? అదే నాడి.

మన ఊళ్ళలో ఎవరైనా కళ్ళు తిరిగి పడిపోతే, వచ్చిన డాక్టరు ముందు పట్టుకునేది అదే. "నాడి అందట్లేదు" అని ఆయన అన్నాడంటే ఇంట్లో ఏడుపులు మొదలవుతాయి. ఆ మాటకి మన దగ్గర ఒకటే అర్థం.

కానీ ఇవాళ ప్రపంచంలో వేల మంది ఉన్నారు. నడుస్తారు, వంట చేసుకుంటారు, మనవళ్ళని ఆడిస్తారు. వాళ్ళ చెయ్యి పట్టుకుని చూస్తే నాడి అందదు, లేదంటే చాలా సన్నగా అందుతుంది. మామూలు బీపీ మెషీన్ పెడితే చాలాసార్లు రీడింగే రాదు. ఛాతీ మీద స్టెతస్కోప్ పెడితే లబ్ డబ్ బదులు పక్కింట్లో మిక్సీ తిరుగుతున్నట్టు ఒక గుంయ్ మనే శబ్దం వినిపిస్తుంది. ఎందుకంటే వాళ్ళ గుండెకి ఒక చిన్న మోటరు బిగించి ఉంది. అది నిమిషానికి వేల చుట్లు తిరుగుతూ రక్తాన్ని తోస్తూ ఉంటుంది. దీన్ని ఎల్వాడ్ అంటారు, అంటే గుండె ఎడమ గదికి సాయం చేసే యంత్రం.

ఈ రోజు మన ప్రశ్న చాలా చిన్నది. ఆ మోటరు ఎంత స్పీడులో తిరగాలి? ఆ స్పీడు ఎవరు పెట్టాలి?

నేను కోడ్ రాసి బతికినవాణ్ణి కాబట్టి, ఈ టాపిక్ మొదటిసారి చదివినప్పుడు నాకొచ్చిన ఆలోచన ఏంటంటే, "ఇందులో ఏముంది? ఒక సెన్సర్ పెట్టు, ఒక ఫీడ్‌బ్యాక్ లూప్ రాయి, అయిపోయింది." మన ఇంటి ఏసీ కూడా రూమ్ వేడిని చూసి తనే తగ్గుతుంది, పెరుగుతుంది. ప్రాణం నిలబెట్టే మోటరుకి ఆ మాత్రం తెలివి పెట్టలేరా? కానీ నిజం ఏంటంటే, ఇప్పటికీ ఈ పంపుల్లో ఎక్కువ శాతం డాక్టరు పెట్టిన ఒకే ఒక్క నంబర్ మీద తిరుగుతున్నాయి. పేషెంట్ పడుకున్నా అదే, మెట్లెక్కినా అదే. ఎందుకలా? దాని వెనక చరిత్ర ఉంది. పదండి.

ముందు అసలు గుండె ఏం చేస్తుందో చూద్దాం. మనం ఊరికే కూర్చుంటే గుండె నిమిషానికి దాదాపు 5 లీటర్ల రక్తం తోస్తుంది. పరిగెత్తితే అదే గుండె 20 లీటర్ల దాకా వెళ్ళగలదు. దీనికి ఒక కారణం మెదడు, నరాల నుంచి వచ్చే ఆర్డర్లు. రెండో కారణం ఇంకా అందంగా ఉంటుంది. గుండెలోకి ఎంత ఎక్కువ రక్తం వచ్చి నిండితే, దాని కండరం అంత సాగుతుంది. ఎంత సాగితే అంత గట్టిగా నొక్కుతుంది. అంటే వచ్చినదాన్ని వచ్చినట్టు బయటికి పంపేస్తుంది. పై నుంచి ఎవరూ చెప్పక్కర్లేదు. 1895లో జర్మనీలో ఒట్టో ఫ్రాంక్, ఆ తర్వాత 1910ల్లో లండన్‌లో ఎర్నెస్ట్ స్టార్లింగ్ దీన్ని ప్రయోగాలు చేసి చూపించారు. అందుకే ఫ్రాంక్-స్టార్లింగ్ సూత్రం అంటారు. సెన్సర్, కంట్రోలర్, మోటరు మూడూ ఒకే కండరంలో ఉన్నాయన్నమాట. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి, చివరిదాకా పనికొస్తుంది.

ఇప్పుడు 1960లకి వెళ్దాం. 1964లో అమెరికా ప్రభుత్వం కృత్రిమ గుండె కోసం ప్రత్యేకంగా ఒక ప్రోగ్రామ్ పెట్టింది. చంద్రుడి మీదకి మనిషిని పంపుతున్న రోజులు కదా, గుండె తయారుచేయడం ఎంతసేపు అనుకున్నారు. 1966లో హ్యూస్టన్‌లో మైకేల్ డిబేకీ అనే సర్జన్ ఒక పేషెంట్‌కి బయట నుంచి పంపు తగిలించి, పది రోజుల తర్వాత తీసేశాడు. ఆమె కోలుకుని ఇంటికెళ్ళింది. 1982 డిసెంబర్‌లో యూటా యూనివర్సిటీలో బార్నీ క్లార్క్ అనే డెంటిస్ట్‌కి జార్విక్-7 అనే పూర్తి కృత్రిమ గుండె పెట్టారు. ఆయన 112 రోజులు బతికాడు.

ఈ పాత యంత్రాలన్నీ గుండెని కాపీ కొట్టినవే. ఒక సంచి ఉంటుంది. అది నిండుతుంది, దాన్ని గాలితోనో మోటరుతోనో నొక్కుతారు, రక్తం బయటికి వెళ్తుంది. మళ్ళీ నిండుతుంది. కవాటాలు కూడా ఉంటాయి. కాబట్టి నాడి కూడా ఉంటుంది. వీటిలో బాగా పేరు తెచ్చుకున్నది హార్ట్‌మేట్ ఎక్స్‌వీఈ.

ఇక్కడ ఒక తమాషా ఉంది. ఈ హార్ట్‌మేట్‌లో ఆటో మోడ్ ఉండేది. సంచి దాదాపు నిండగానే అదే నొక్కేసేది. పేషెంట్ నడిస్తే రక్తం ఎక్కువ వచ్చి సంచి త్వరగా నిండుతుంది, యంత్రం త్వరగా కొట్టుకుంటుంది. పడుకుంటే మెల్లగా కొట్టుకుంటుంది. అంటే మనం ఇందాక చెప్పుకున్న స్టార్లింగ్ సూత్రం లాంటిది దానంతటదే వచ్చేసింది. పెద్ద అల్గారిదమ్ ఏమీ లేదు.

మరి దాన్నెందుకు వదిలేశారు? ఎందుకంటే అది బరువు. కేజీ పైనే ఉండేది. కడుపు దగ్గర పెట్టాలి కాబట్టి చిన్న ఒళ్ళున్న వాళ్ళకి, ముఖ్యంగా చాలామంది ఆడవాళ్ళకి సరిపోయేది కాదు. పైగా లోపల కదిలే భాగాలు ఎక్కువ, రోజుకి లక్ష సార్లు కొట్టుకోవాలి. బేరింగులు, కవాటాలు అరిగిపోయేవి. 2001లో రీమ్యాచ్ అనే స్టడీ వచ్చింది. గుండె మార్పిడికి కూడా పనికిరాని 129 మంది పేషెంట్లని తీసుకుని సగం మందికి ఈ పంపు, సగం మందికి మందులు ఇచ్చారు. ఏడాది తర్వాత పంపు ఉన్నవాళ్ళలో 52 శాతం బతికున్నారు, మందుల వాళ్ళలో 25 శాతం. రెట్టింపు! కానీ రెండేళ్ళ దగ్గర చూస్తే 23 శాతం, 8 శాతం. పంపు గెలిచింది. గెలిచి కూడా ఎక్కువ దూరం నడవలేకపోయింది.

ఇప్పుడు సీన్ ఈజిప్ట్‌కి మారుతుంది. 1970ల్లో రిచర్డ్ వాంప్లర్ అనే అమెరికన్ డాక్టరు అక్కడికి వైద్య సేవకి వెళ్ళాడు. అక్కడ రైతులు పొలానికి నీళ్ళు ఎత్తడం చూశాడు. మన దగ్గర ఏతాము, గూడ ఉన్నట్టే, వాళ్ళ దగ్గర ఆర్కిమెడిస్ స్క్రూ ఉంటుంది. ఒక గొట్టం, లోపల మరలాంటిది. తిప్పుతూ ఉంటే నీళ్ళు పైకి ఎక్కుతూనే ఉంటాయి. ఆగి ఆగి కాదు, ధారగా. వాంప్లర్‌కి బుర్రలో బల్బు వెలిగింది. రక్తాన్ని ఇలా ఎందుకు తోయకూడదు?

అప్పట్లో ఈ మాట విన్నవాళ్ళకి పిచ్చి అనిపించింది. రెండు భయాలు. ఒకటి, అంత స్పీడుగా తిరిగే మరలో ఎర్ర రక్తకణాలు నుజ్జునుజ్జు అయిపోతాయి. రెండు, నాడి లేకుండా మనిషి బతకడు. మొదటిదానికి వాంప్లర్ దగ్గర సమాధానం ఉంది. రక్తకణం చిట్లడం అనేది దాని మీద ఎంత రాపిడి పడింది అనేదాని మీదే కాదు, ఎంతసేపు పడింది అనేదాని మీద కూడా ఆధారపడుతుంది. పంపు చాలా చిన్నదిగా ఉండి, కణం రెప్పపాటులో దాటేస్తే నష్టం తక్కువ. అలా పుట్టింది హీమోపంప్. పెన్సిల్ అంత సన్నంగా ఉంటుంది. తొడ దగ్గర రక్తనాళంలోంచి గుండెలోకి పంపిస్తారు. నిమిషానికి 25,000 చుట్ల దాకా తిరుగుతుంది. 1988లో హ్యూస్టన్‌లోని టెక్సాస్ హార్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో బడ్ ఫ్రేజియర్ దీన్ని మొదటిసారి మనిషికి వాడాడు. మార్పిడి చేసిన గుండెని ఒళ్ళు తిరస్కరిస్తుంటే, పంపు ఆ గడ్డు రోజులు దాటించింది. పేషెంట్ కోలుకున్నాడు.

ఇంకో కథ కూడా చెప్పాలి. డేవిడ్ సాసియర్ అని నాసా ఇంజనీర్. 1984లో గుండెపోటు వచ్చి, డిబేకీ టీమ్ దగ్గర గుండె మార్పిడి చేయించుకున్నాడు. బతికి బయటపడ్డాక తన నాసా మిత్రులతో కలిసి డిబేకీ టీమ్‌తో పంపు డిజైన్ మొదలుపెట్టాడు. స్పేస్ షటిల్ ఇంజన్లలో ఇంధనం ఎలా పారుతుందో లెక్కేసే సూపర్ కంప్యూటర్లని, రెక్కల మధ్య రక్తం ఎలా పారుతుందో లెక్కేయడానికి వాడారు. ఆ డిబేకీ పంపుని 1998 నవంబర్‌లో బెర్లిన్‌లో మొదటిసారి మనిషికి పెట్టారు. అదే దారిలో జార్విక్ 2000, హార్ట్‌మేట్ 2 వచ్చాయి. హార్ట్‌మేట్ 2 బరువు 300 గ్రాముల లోపే. కదిలే భాగం ఒక్కటే, తిరిగే చక్రం. కవాటాలు లేవు, సంచి లేదు. 2009లో వచ్చిన స్టడీలో రెండేళ్ళ దగ్గర హార్ట్‌మేట్ 2 పేషెంట్లు 46 శాతం మంది పెద్ద స్ట్రోకు లేకుండా, పంపు మార్చాల్సిన పని పడకుండా బతికున్నారు. పాత సంచి పంపు వాళ్ళలో అది 11 శాతమే. సంచి పంపుల కథ అక్కడితో ముగిసింది.

కానీ సంచితో పాటు ఇంకోటి కూడా పోయింది. గమనించారా? ఆటో మోడ్ పోయింది. తిరిగే చక్రానికి నిండడం అనేదే లేదు కదా.

ఇప్పుడు మనకి తెలిసిన మోటరు దగ్గరికి వద్దాం. పొలంలో బోరు మోటరు. వేసవిలో బోరులో నీళ్ళు తగ్గాయి. మోటరుకి ఆ సంగతి తెలీదు. అది లాగుతూనే ఉంటుంది. కాసేపటికి నీళ్ళు, గాలి కలిపి కక్కుతుంది. రైతు చూసి "గాలి లాగుతోందిరా, ఆపు" అని పరిగెడతాడు. లేకపోతే మోటరు కాలిపోయి వైండింగ్‌కి పోవాల్సిందే.

గుండె పంపుది అచ్చం అదే సమస్య. పేషెంట్ సరిగ్గా నీళ్ళు తాగలేదనుకోండి, విరేచనాలు అయ్యాయనుకోండి, గుండె ఎడమ గదిలోకి వచ్చే రక్తం తగ్గుతుంది. పంపు మాత్రం అదే స్పీడులో లాగుతుంది. అయితే ఇక్కడ లాగడానికి గాలి లేదు. కాబట్టి గుండె గోడనే లోపలికి లాక్కుంటుంది. స్ట్రాతో జ్యూస్ తాగుతుంటే అట్టడుగున ప్లాస్టిక్ కవర్ అతుక్కుంటుంది చూడండి, అలా. దీన్ని సక్షన్ అంటారు. గోడ పంపు నోటికి తగిలితే గుండె లయ తప్పొచ్చు, ప్రమాదకరంగా కొట్టుకోవచ్చు. బోరు దగ్గర కాలేది మోటరు, ఇక్కడ పోయేది మనిషి.

సరే, అయితే స్పీడు తగ్గించి పెట్టేద్దామా? తగ్గిస్తే ఒంటికి రక్తం చాలదు. ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది, ఆయాసం. పంపు పెట్టించుకున్న ప్రయోజనమే పోయింది.

పోనీ ఎక్కువ పెడదామా? రక్తమంతా పంపులోంచే వెళ్ళిపోతుంది. గుండెలోంచి బయటికి వెళ్ళే అసలు దారిలో బృహద్ధమని కవాటం ఉంటుంది. దానికి తెరుచుకునే పనే పడదు. నెలల తరబడి తెరవని తలుపు ఏమవుతుంది? బిగుసుకుపోతుంది. ఈ కవాటం రేకులు కూడా ఒకదానికొకటి అతుక్కుపోయి, తర్వాత లీకవడం మొదలవుతుంది. అప్పుడు పంపు పైకి తోసిన రక్తం మళ్ళీ గుండెలోకే కారుతుంది. మళ్ళీ తోస్తుంది, మళ్ళీ కారుతుంది. కుండకి చిల్లు ఉంటే ఎన్ని బిందెలు పోసినా అంతే కదా.

ఇంకోటి కూడా ఉంది. మన రక్తంలో వాన్ విల్లెబ్రాండ్ ఫ్యాక్టర్ అని పొడవాటి ప్రోటీన్ ఉంటుంది. గాయమైతే రక్తం గడ్డకట్టడానికి అది కావాలి. పంపు రాపిడికి ఈ పొడవాటి గొలుసులు ముక్కలవుతాయి. అసలే రక్తం పలచబడే మందులు వాడుతుంటారు. నాడి కూడా లేకపోవడంతో పేగుల్లో సన్నటి రక్తనాళాలు పాడవుతాయని కూడా అనుకుంటున్నారు. ఇవన్నీ కలిసి చాలామందికి పేగుల్లో రక్తస్రావం అయ్యేది.

చూశారా, పెంచితే ఒక ప్రమాదం, తగ్గిస్తే ఇంకో ప్రమాదం. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఇక ఈ మధ్యలో ఎక్కడ ఆపాలి?

దీనికి మొదట్లో వచ్చిన సమాధానాల్లో నాకు బాగా నచ్చింది జార్విక్ 2000ది. పీటర్ హాటన్ అనే ఆయనకి 2000 జూన్‌లో ఇంగ్లాండ్‌లోని ఆక్స్‌ఫర్డ్‌లో స్టీఫెన్ వెస్టబీ టీమ్ ఈ పంపు పెట్టింది. మార్పిడి గుండె దొరికేదాకా అని కాదు, జీవితాంతం ఉండేలా. కరెంటు తీగ చెవి వెనక పుర్రెకి బిగించిన ప్లగ్ నుంచి లోపలికి వెళ్తుంది. నడుముకి బ్యాటరీ, కంట్రోలర్. ఆ కంట్రోలర్ మీద ఒక డయల్. 1 నుంచి 5 దాకా. 1 అంటే 8,000 చుట్లు, 5 అంటే 12,000. అచ్చం మన ఫ్యాన్ రెగ్యులేటర్. పడుకునేటప్పుడు తగ్గించుకోవచ్చు, నడకకి వెళ్ళేటప్పుడు పెంచుకోవచ్చు. కంట్రోల్ లూప్‌లో సెన్సర్ ఎవరు? పేషెంటే. ఆయన ఆయాసమే సిగ్నల్. హాటన్ ఏడేళ్ళకి పైగా బతికాడు. 2007 నవంబర్‌లో చనిపోయాడు. కొన్ని వారాలే అన్న మనిషి.

హార్ట్‌మేట్ 2 వాళ్ళు దీనికి పూర్తిగా వ్యతిరేక దారి పట్టారు. పేషెంట్ చేతిలో స్పీడు బటనే లేదు. హాస్పిటల్లో మానిటర్ తగిలించి డాక్టరు మాత్రమే మార్చాలి. మరి డాక్టరుకి ఎలా తెలుస్తుంది? 2012లో న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీ డాక్టర్లు ర్యాంప్ టెస్ట్ అనే పద్ధతిని వివరంగా రాశారు. పేషెంట్‌ని పడుకోబెట్టి, గుండె మీద ఎకో స్కాన్ పెట్టి, 8,000 నుంచి మొదలుపెట్టి 400 చొప్పున పెంచుకుంటూ పోతారు. ప్రతి మెట్టు దగ్గర ఎడమ గది ఎంత కుంచించింది, కవాటం తెరుచుకుంటోందా, మధ్య గోడ ఎటు జరుగుతోంది అని చూస్తారు. బాగున్న చోట ఆపి, ఆ నంబర్ ఫిక్స్ చేస్తారు. పేషెంట్ ఆ నంబర్‌తో ఇంటికెళ్తాడు.

మరి సక్షన్ వస్తే? దానికి కంట్రోలర్‌లో చిన్న జాగ్రత్త పెట్టారు. నీరసంగా ఉన్నా గుండె ఇంకా కొట్టుకుంటూనే ఉంటుంది కదా. దాని కొట్టుడికి పంపులో ప్రవాహం కొంచెం హెచ్చుతగ్గులవుతుంది. ఆ ఊగిసలాటని ఒక అంకెగా లెక్కేస్తారు, దాన్ని పల్సటిలిటీ ఇండెక్స్ అంటారు. అది ఉన్నట్టుండి బాగా మారితే, ఏదో తేడా జరిగిందని పంపు తనంతట తానే డాక్టరు ముందే పెట్టిన కనీస స్పీడుకి దిగిపోతుంది. తర్వాత మెల్లగా పైకి వస్తుంది. అంతే. తగ్గడం వచ్చు గానీ, అవసరానికి పెరగడం రాదు.

ఇక్కడే ఇంకో విషయం చెప్పాలి. స్క్రీన్ మీద నిమిషానికి ఇన్ని లీటర్లు అని చూపిస్తుంది కదా, చాలా పంపుల్లో అది కొలిచింది కాదు. మోటరు ఎంత కరెంటు తింటోంది, ఎంత స్పీడులో ఉంది అన్నదాన్ని బట్టి వేసిన అంచనా. పంపులో రక్తం గడ్డ కట్టిందనుకోండి, చక్రం బరువెక్కి కరెంటు ఎక్కువ తింటుంది. అప్పుడు స్క్రీన్ ఏం చెప్తుంది? "ఫ్లో పెరిగింది, అంతా బాగుంది" అంటుంది. నిజంలో ఫ్లో తగ్గుతోంది. ఇప్పుడు చెప్పండి, ఈ అంకెని నమ్మి ఆటోమేటిక్ లూప్ రాస్తారా? నేను రాయను. మొదట్లో నాకొచ్చిన ఆలోచన ఇక్కడికొచ్చి చల్లబడింది.

అయితే నిజమైన సెన్సర్ పెట్టొచ్చు కదా? పెట్టారు. డిబేకీ పంపు గొట్టం మీద అల్ట్రాసౌండ్ ఫ్లో సెన్సర్ ఉండేది. వియన్నాలో హైన్రిక్ షిమా టీమ్ డిబేకీ పంపు ఉన్న పేషెంట్లకి ఆటోమేటిక్ కంట్రోల్ తయారుచేసి, సైకిల్ తొక్కిస్తూ పరీక్షించింది. 2006లో ఫలితాలు ప్రచురించింది. పని చేసింది కూడా. అంటే ఇది అసాధ్యం కాదు. కానీ ల్యాబులో గంటసేపు పనిచేయడం వేరు, మనిషి ఒంట్లో ఐదేళ్ళు పనిచేయడం వేరు. రక్తంలో పెట్టిన ప్రెషర్ సెన్సర్ మీద పొర పేరుకుంటుంది, రీడింగ్ మెల్లమెల్లగా జారుతుంది. విప్పి సరిచేయడానికి అది బయట లేదు, గుండెలో ఉంది. అబద్ధం చెప్పే సెన్సర్ ఉన్న తెలివైన పంపు కన్నా, మొండిగా ఒకే స్పీడులో తిరిగే పంపే నయం అనుకున్నారు కంపెనీలు, డాక్టర్లు. ఫిక్స్‌డ్ స్పీడు సోమరితనం వల్ల రాలేదు, భయం వల్ల వచ్చింది. అర్థం ఉన్న భయం.

కానీ ఆ ఒక్క నంబర్ ఎంచుకోవడం కూడా ఎంత కష్టమో తర్వాతి కొన్నేళ్ళు చూపించాయి. పేగుల రక్తస్రావం, కవాటం సమస్య చూసి, హార్ట్‌మేట్ 2 వాడే చాలా చోట్ల డాక్టర్లు స్పీడు కొంచెం తగ్గించారు, రక్తం పలచన చేసే మందులు కూడా కొంచెం తగ్గించారు. మంచి ఉద్దేశంతోనే. 2014లో అమెరికాలోని మూడు పెద్ద హాస్పిటళ్ళ డాక్టర్లు కలిసి లెక్కలు బయటపెట్టారు. పంపు పెట్టిన మూడు నెలల్లో లోపల గడ్డ కట్టడం 2011 ముందు 2.2 శాతం ఉండేది, 2013 జనవరికల్లా 8.4 శాతానికి ఎక్కింది. దాదాపు నాలుగింతలు. కారణం ఒక్కటే అని ఎవరూ తేల్చలేకపోయారు. కానీ తర్వాత వచ్చిన ప్రివెంట్ అనే స్టడీలో పాటించమన్న జాగ్రత్తల్లో ఒకటి, స్పీడు 9,000 కన్నా కిందికి పోనివ్వకండి అని. ఒక డయల్ మీద కొన్ని వందల చుట్ల తేడా. దాని వెనక ఇన్ని ప్రాణాలు.

అప్పుడు ఇంజనీర్లు ప్రశ్ననే మార్చారు. సరైన స్పీడు ఏది అని కాకుండా, ఒకే స్పీడు ఎందుకు ఉండాలి అని అడిగారు. జార్విక్ 2000 కొత్త కంట్రోలర్‌లో ప్రతి 64 సెకన్లలో 8 సెకన్లు స్పీడు 7,000కి పడిపోయేలా పెట్టారు. ఆ కాసేపు గుండె తనే తోసుకుంటుంది, కవాటం తెరుచుకుంటుంది. బిగుసుకుపోయే తలుపుని నిమిషానికోసారి తీసి వేయడమన్నమాట. హార్ట్‌వేర్ అనే పంపులో నిమిషానికోసారి స్పీడు 200 తగ్గి, తర్వాత మామూలు కన్నా 200 పెరిగి, మళ్ళీ మామూలుకి వచ్చే సైకిల్ పెట్టారు. మూలల్లో రక్తం నిలవ ఉండకుండా కడిగేయడానికి.

ఆ తర్వాత హార్ట్‌మేట్ 3 వచ్చింది. 2014 జూన్‌లో జర్మనీలోని హానోవర్‌లో మొదటి పేషెంట్‌కి పెట్టారు. ఇందులో చక్రం ఏ బేరింగ్ మీదా ఆనదు. అయస్కాంతాల మధ్య గాల్లో తేలినట్టు రక్తంలో తేలుతూ తిరుగుతుంది. చుట్టూ ఖాళీ ఎక్కువ కాబట్టి రక్తకణాలకి రాపిడి తక్కువ. సాధారణంగా 5,000, 6,000 మధ్య తిరుగుతుంది. ప్రతి రెండు సెకన్లకోసారి దాని స్పీడు టక్కున 2,000 పడిపోతుంది, 0.15 సెకన్లు. వెంటనే మామూలు కన్నా 2,000 పైకి ఎగురుతుంది, 0.2 సెకన్లు. మళ్ళీ మామూలే. దీనికి కృత్రిమ పల్స్ అని పేరు. నిమిషానికి ముప్పై సార్లు. అసలు ఉద్దేశం లోపల రక్తం నిలవ లేకుండా కడగడం. పేషెంట్ సొంత గుండె లయతో దీనికి సంబంధం లేదు, దాని లెక్క దానిదే.

ఫలితం? 1,028 మంది పేషెంట్ల మీద జరిగిన మొమెంటమ్ 3 స్టడీ 2019లో వచ్చింది. రెండేళ్ళలో పంపులో గడ్డ అనుమానించిన కేసులు హార్ట్‌మేట్ 2లో 13.9 శాతం, హార్ట్‌మేట్ 3లో 1.4 శాతం. పదో వంతు. ఇందులో అయస్కాంతాల పాత్ర ఎంత, ఖాళీల పాత్ర ఎంత, స్పీడు మార్చడం పాత్ర ఎంత అని విడదీయలేం. అన్నీ కలిపి వచ్చిన ఫలితం.

ఇదంతా సాఫీగా సాగిందనుకోకండి. హార్ట్‌వేర్ పంపుని దాని కంపెనీ మెడ్‌ట్రానిక్ 2021 జూన్‌లో అమ్మడం ఆపేసింది. స్ట్రోకులు, మరణాలు ఎక్కువగా ఉన్నాయని తేలడం ఒక కారణం. రెండో కారణం వింటే సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఒళ్ళు జలదరిస్తుంది. పంపు ఒకసారి ఆగితే మళ్ళీ స్టార్ట్ అవడం ఆలస్యమయ్యేది, కొన్నిసార్లు అసలు అయ్యేది కాదు. మన పనిలో ఏది పాడైనా ముందు చేసేది ఆపి ఆన్ చేయడం. ఇక్కడ ఆ ఆప్షన్ లేదు. అప్పటికే వేల మంది ఒళ్ళలో ఆ పంపు తిరుగుతోంది.

ఇప్పుడు మళ్ళీ మొదటికొద్దాం, స్టార్లింగ్ దగ్గరికి. 2011లో ఆస్ట్రేలియా పరిశోధకులు తిరిగే పంపుల్ని అసలు గుండెతో పోల్చి చూశారు. లోపలికి వచ్చే రక్తం పెరిగినప్పుడు గుండె స్పందించినంతలో పంపులు సగం కూడా స్పందించట్లేదు. కానీ బయట బీపీ పెరిగితే మాత్రం గుండె కన్నా ఎక్కువగా లొంగిపోయి ఫ్లో తగ్గించేస్తున్నాయి. అంటే గుండెకి తలకిందులు. వినాల్సినదాన్ని సరిగ్గా వినదు, పట్టించుకోకూడనిదాన్ని బాగా పట్టించుకుంటుంది. ఎల్వాడ్ పేషెంట్లకి బీపీ అదుపులో ఉండాలని డాక్టర్లు అంత గట్టిగా చెప్పేది అందుకే. అప్పటి నుంచి చాలా ల్యాబుల్లో పని ఒకటే, పంపుకి స్టార్లింగ్ సూత్రం నేర్పడం.

అదే ఆస్ట్రేలియా నుంచి డేనియల్ టిమ్స్ అనే ఇంజనీర్ వచ్చాడు. తండ్రి ప్లంబర్. ఆ తండ్రికే గుండె జబ్బు. పైపులు, పంపులు చూస్తూ పెరిగిన కొడుకు బైవాకోర్ అనే కృత్రిమ గుండె మొదలుపెట్టాడు. ఒకే చక్రం అయస్కాంతాల మధ్య తేలుతూ ఉంటుంది, ఒక వైపు రెక్కలు ఊపిరితిత్తులకి, రెండో వైపు రెక్కలు ఒంటికి రక్తం తోస్తాయి. ప్రెషర్ మారితే చక్రం కొంచెం అటో ఇటో జరిగి, రెండు వైపులా సమం చేసుకుంటుంది. అంటే స్పందన మళ్ళీ యంత్రం ఒంట్లోకే వచ్చింది. 2024 జూలైలో హ్యూస్టన్‌లో, అదే టెక్సాస్ హార్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో, మొదటి మనిషికి పెట్టారు. ఎనిమిది రోజుల తర్వాత ఆయనకి దాత గుండె దొరికింది.

ఈ కథలో నాకు మిగిలింది ఏంటంటే, వాంప్లర్ గుండెని కాపీ కొట్టడం మానేసి గెలిచాడు. కొట్టుకోవడం అక్కర్లేదని చూపించాడు. కానీ గుండె కొట్టుకోవడంతో పాటు వినడం కూడా చేస్తుంది. మనం కొట్టుకోవడాన్ని తీసేసినప్పుడు, తెలియకుండా వినడాన్ని కూడా తీసేశాం. గత పాతికేళ్ళుగా ఇంజనీర్లు దాన్నే ఒక్కో మెట్టుగా తిరిగి తెస్తున్నారు.

అందుకే ఈసారి ఎవరైనా "సింపుల్, ఆటోమేట్ చేసేస్తే సరి" అన్నప్పుడు రెండు ప్రశ్నలు అడుగుదాం. సెన్సర్ అబద్ధం చెప్తే ఏమవుతుంది? ఆగిపోతే మళ్ళీ లేస్తుందా?

ఒక మాట. ఇది చరిత్ర చెప్పుకోవడం మాత్రమే, వైద్య సలహా కాదు. మీ ఇంట్లో ఎవరికైనా ఇలాంటి పంపు ఉంటే, ప్రతి విషయం మీ డాక్టర్‌నే అడగండి. ఇక మీ సంగతి. ఆ పంపు మీ గుండెకే ఉంటే, స్పీడు డయల్ మీ చేతిలో ఉండాలంటారా, డాక్టరు చేతిలోనా, కోడ్ చేతిలోనా? కామెంట్లలో రాయండి, ఎందుకో కూడా రాయండి. అన్నీ చదువుతాను.

వెళ్ళే ముందు ఇంకోసారి మణికట్టు మీద వేళ్ళు పెట్టండి. మీరు ఈ ఎపిసోడ్‌లో ఉన్నంతసేపూ అది ఎవరినీ అడక్కుండా తన స్పీడు తనే సరిచేసుకుంటూ ఉంది. మళ్ళీ కలుద్దాం.